మా పేటలో మంచు పడిన ఏడాది

మా వీధిలో మంచు పడుతోంది. నేను చెప్పేది గుంటూరు బ్రాడీపేట సంగతి. డిసెంబరు నెలలో కూడా మధ్యాహ్నం పూట ఫ్యాను తిరగనిదే కునుకు పట్టని ఊళ్ళో మంచు.

ముందు మూల మీద డాక్టరుగారి ఇంటికి పట్టింది. పిట్టగోడ మీద నుంచి తెల్ల లైట్ల దండలు కిందికి కారుతున్నట్టు వేలాడాయి. రెండు రోజులకి ఎదురింటికి వచ్చింది. వారం తిరక్కుండా వీధి వీధంతా తెల్లగా కారిపోతోంది. క్రిస్మస్ చేసుకునేవాళ్ళు, చేసుకోనివాళ్ళు అని తేడా లేదు. కోచింగ్ సెంటరువాళ్ళు ర్యాంకుల బోర్డుకి కూడా చుట్టారు. పక్కవీధిలో ఒకాయన గేటు స్తంభాల మీద థర్మాకోల్ పొడి అంటించాడు. కిందటేడు ఇదే వీధిలో కుక్కలు రాకుండా ప్రతి గేటుకీ నీలం నీళ్ళ సీసాలు కట్టారు. కుక్కలు ఆ సీసాల పక్కనే పడుకునేవి. మా వీధికి ఏ సరదా పట్టినా జలుబు అంటుకున్నట్టు అంటుకుంటుంది.

నిన్న పొద్దున ముగ్గు వేస్తూ పక్కింటావిడ నన్ను నిలదీసింది.

"టీచరుగారూ, వీధి మొత్తానికి మీ ఇల్లొక్కటే బోసిగా ఉందండీ. మీరేమో క్రిస్మస్ వాళ్ళు కూడానూ. మా వాడు ఆన్‌లైన్లో తెప్పిస్తాడు, చెప్పమంటారా?"

"వద్దులేమ్మా, మా ఇంటి మీద మంచు ఎప్పుడో పడింది. గేదెలు తినేశాయి" అన్నాను.

ఆవిడ నా వంక ఒకలా చూసి, ముగ్గు సగంలో వదిలేసి లోపలికి వెళ్ళింది. సాయంత్రానికల్లా టీచరుగారికి మతి తప్పిందని వీధంతా అనుకునే ఉంటారు. అందుకే ఈ సంగతి మొదటినుంచీ చెప్పుకోవాల్సి వస్తోంది.

మాది పత్తిచేల మధ్య ఊరు. ఊరికి పడమటి వైపు మా పేట. అన్నీ పూరిళ్ళే. చూరులు ఎంత కిందికి ఉండేవంటే, పెద్దవాళ్ళు నడుం వంచి లోపలికి వెళ్ళాల్సిందే. వంచడం మర్చిపోయిన చుట్టాలకి నుదుటి మీద గుర్తు మిగిలేది. ప్రతి ఇంటి ముందూ ఒక గేదె, ఒక కుడితి గోలెం. చర్చిని మేం గుడి అనేవాళ్ళం. అది కూడా మా ఇళ్ళ లాంటిదే, కాకపోతే కాస్త పొడుగు.

క్రిస్మస్ వచ్చేది సరిగ్గా పత్తి తీసే రోజుల్లో. ఆడవాళ్ళంతా పత్తి వేసుకోవడానికి నడుముకి ఒడి కట్టుకుని చేలోకి దిగేవాళ్ళు. ఎండిన కాయ మొనలు గుచ్చుకుని వేళ్ళ చివర్లు గరుకెక్కి ఉండేవి. అమ్మ తల దువ్వుతుంటే ఆ వేళ్ళకి నా వెంట్రుకలు చిక్కుకునేవి. సాయంత్రం ఇంటికొచ్చిన అమ్మ కొంగు దగ్గర ఎండ, పత్తి, చెమట కలిసిన వాసన. అవతల కల్లాల్లో తొలికోత మిరపకాయలు ఎండబోసి ఉండేవి. గాలి అటు నుంచి తిరిగిందంటే గుడిలో ప్రార్థన మధ్యలో అందరం ఒకేసారి తుమ్మేవాళ్ళం. ఆమెన్ కంటే తుమ్ములే గట్టిగా వినపడేవి.

పండగ ముందు రాత్రి పాటల జట్టు తిరిగేది. పెట్రోమాక్స్ లైటు పట్టుకుని, తాళాలు, కంజిర, డోలక్‌తో ఇంటింటి ముందూ ఆగి పుట్టుక పాటలు పాడేవాళ్ళు. ఏ ఇంటి ముందు పడితే ఆ ఇంటి ముందు ఆగరు. వెదురు బద్దలతో నక్షత్రం చేసి, రంగు కాగితాలు అంటించి, ఇంటి మీద కట్టుకున్నవాళ్ళ దగ్గరే ఆగుతారు. నక్షత్రం లేదంటే ఆ ఇంట్లో చావు మైలైనా ఉండాలి, అలకైనా ఉండాలి. వాళ్ళని కదపకూడదు. అది మా పేట మర్యాద.

మా ఇంట్లో ఉన్నది అలక.

సంఘానికి పెద్ద మా పెదనాన్న. పాట ఎత్తుకునేది ఆయనే. మంచి గొంతు, కానీ మహా నిదానం. ఆయన ఒక చరణం మొదలుపెడితే మేం పిల్లలం ఒక కునుకు తీసి లేచినా అదే చరణంలో ఉండేవాడు. డోలక్ మా నాన్నది. నాన్న చెయ్యి దూకుడు. ఆ చేతికి ఆగడం తెలియదు. ఒకసారి పాటలు నేర్చుకునే చోట, అందరి ముందూ, నాన్న నోరు జారాడు.

"అన్నా, నువ్వు పాట ముగించేలోపు ఆ పుట్టిన బిడ్డకి మీసాలొస్తాయి."

అందరూ నవ్వారు. పాస్టరుగారు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వారు. పెదనాన్న మాత్రం లేచి, నాన్న ఒళ్ళోంచి డోలక్ తీసి, తన బావమరిది ఒళ్ళో పెట్టాడు. నాన్న ఇంటికొచ్చి, ఇకమీదట ఈ ఇంటి మీద నక్షత్రం కట్టేది లేదని చెప్పాడు. అన్నదమ్ముల ఇళ్ళ మధ్య ఒక్క దడి అడ్డం. ఆ దడికి రెండు వైపులా ఏడాది పాటు మాటల్లేవు.

ఆ ఏడాది క్రిస్మస్‌కి అమ్మ ఆశ చావక కజ్జికాయలు చేసింది. పాట మా సందు మొదట్లో వినపడగానే పళ్ళెం నిండా సర్దుకుని గడపలో నిలబడింది. లైటు వెలుగు మా వాకిట్లోకి వచ్చింది, అమ్మ ముఖం మీద పడింది, ముందుకి వెళ్ళిపోయింది. అమ్మ పళ్ళెం మీద గుడ్డ కప్పి లోపలికి తెచ్చింది. మర్నాడు ఆ కజ్జికాయలు మేమే తిన్నాం. అమ్మ ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోలేదు. కొబ్బరి, బెల్లం, యాలకులు, అన్నీ సరిగ్గా కుదిరాయి. అయినా నాకు తిన్నట్టు లేదు.

డోలక్ పోయినా నాన్న చేతులు ఊరుకోలేదు. పాలు పితికే ముందు తపేలా బోర్లించి, గేదె పక్కన గొంతుక్కూర్చుని వాయించేవాడు. తర్వాతే దాని ముందు కుడితి పెట్టేవాడు. రోజూ అదే వరస కావడంతో మా గేదెకి ఆ దరువంటే కుడితి, కుడితంటే ఆ దరువు. ఎక్కడున్నా చెవులు రిక్కించేది. "వాళ్ళన్నకి నచ్చకపోతేనేం, వీడి వాయింపుకి ఈ బర్రె ఉంది" అని మా నాయనమ్మ అనేది. ఆవిడ పొద్దున ఒక కొడుకింట్లో, సాయంత్రం ఒక కొడుకింట్లో తినేది. అక్కడి మాట ఇక్కడ, ఇక్కడి మాట అక్కడ చెప్పకుండా ఉండలేక నానా అవస్థా పడేది.

మరుసటి ఏడు పత్తి రోజుల్లోనే మా పిన్ని దగ్గర్నుంచి గ్రీటింగ్ కార్డు వచ్చింది. పిన్ని గుంటూరులో నర్సు ట్రైనింగ్ చేస్తుండేది. కార్డు మీద ఒక ఇల్లు. ఇంటి మీద, చెట్ల మీద, గోడల మీద తెల్లగా మందంగా ఏదో పరిచి ఉంది. కిటికీలోంచి పసుప్పచ్చ వెలుగు. మా పేటలో అట్లాంటి బొమ్మ అంతకుముందు ఎవరూ చూడలేదు. అమ్మ దాన్ని దీపం దగ్గర పెట్టి చాలాసేపు చూసింది.

"ఇదేందే, ఇంటి మీద పత్తి ఆరబోశారు?"

"పత్తి కాదమ్మా, మంచు. మా పుస్తకంలో ఉంది. చలి దేశాల్లో పడిద్దంట" అన్నాను. నేను నాలుగో తరగతి. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే.

నాయనమ్మ కార్డు తీసుకుని, ఎడంగా పట్టుకుని చూసింది. "మంచు ఇంత లావున యాడన్నా పడిద్దా? పత్తే ఇది. వాళ్ళ చేను ఇరగ కాసినట్టుంది."

అమ్మ ఆ కార్డుని తడికెకి గుచ్చి, పత్తికి వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి చూసేది. ఒక సాయంత్రం ఒడి విప్పుతూ నెమ్మదిగా అంది.

"మీ నాన్న నక్షత్రం కట్టొద్దన్నాడు. పత్తి పెట్టొద్దనలేదుగా."

ముందుగా వేసిన చేలల్లో ఆఖరి తీత అయిపోయింది. చెట్లకి మిగిలిన సగం విచ్చిన కాయల్లోని పత్తి, పరిగ, ఎవరేరుకున్నా ఎవరూ ఏమీ అనరు. నేను, తమ్ముడు, అమ్మ ఏరి తెచ్చాం. గింజలు తీసే తీరిక ఎవరికుంది? గింజలతోనే విడదీసి పల్చగా పరిచాం. జిగురుకి గంజి. గంజి పల్చగా ఉందని అమ్మ గేదె కోసం ఉంచిన తవుడు రెండు గుప్పిళ్ళు కలిపింది. చూరు పొడుగునా, తలుపు చుట్టూ, దడి మీద, ఆఖరికి కుడితి గోలెం అంచుకి కూడా అంటించాం. చేతులు జిగట, తల నిండా దూది. తమ్ముడు గంజి వేళ్ళు నాకుతూ పనిచేశాడు.

నాన్న పొలం నుంచి వచ్చి వాకిట్లో నిలబడిపోయాడు.

"ఇంటికేమైంది? జ్వరమొచ్చిందా, దుప్పటి కప్పారు?"

"మంచు నాన్నా" అన్నాం.

"నక్షత్రం కాదుగా?" అని అమ్మనడిగాడు.

"కాదు" అంది అమ్మ, పొయ్యిలోకి ఊదుతూ.

నాన్న కొంచెంసేపు చూసి, చూరు మీద ఒకచోట ఊడిన పత్తిని తనే నొక్కి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. నాకప్పుడే అర్థమైంది, నాన్నకి కూడా లోపల ఉందని. కాకపోతే తను అన్న మాటలోంచి దిగి రావడానికి మెట్టు కనపడటం లేదు.

మర్నాటి నుంచి మా వాకిట్లో జనం. "ఏందిది వదినా?" "మంచంట. గుంటూరు నుంచి కార్డొచ్చింది." ఆ ఒక్క మాట చాలు. గుంటూరు నుంచి వచ్చిందంటే ఇక తిరుగులేదు. సాయంత్రానికి పక్కిల్లు, మర్నాటికి సందు, మూడోనాటికి పేట. పరిగ కోసం పిల్లలు పోట్లాడుకున్నారు. ఒకావిడ గంజిలో చాకిరేవు నీలం కలిపింది, ఇంకా తెల్లగా ఉండాలని. ఆవిడ ఇల్లు నీలంగా తేలింది. ఆవిడ మాత్రం అసలు మంచు ఇట్లాగే ఉంటుందని కొట్లాడింది. ఇంకొకాయన తెలుపు మీద ఎరుపు బాగుంటుందని మిరపకాయలు గుచ్చాడు. రెండు రోజులు ఆ ఇంట్లోవాళ్ళు తుమ్ముతూనే అందరికీ చూపించారు.

పెదనాన్న మొదట వెక్కిరించాడు. "మంచంటే ఏందో మీకేం ఎరుక? దేవుడు బెత్లెహేములో పుడితే మీరు పత్తికొట్టాం కడుతున్నారు" అన్నాడు దడి అవతల నుంచి, మాకు వినపడేట్టు. ఆ మధ్యాహ్నమే పెద్దమ్మ ఒక గంప పత్తి తెచ్చి, ఆయన భోజనం చేస్తుండగానే మొత్తం చూరుకి పరిచేసింది. మా ఇంటికంటే దట్టంగా. ఆ పైన గుడికి కూడా వేశారు. పాస్టరుగారు మెచ్చుకున్నారంటే పెదనాన్న తనకి తట్టిన ఆలోచనే అన్నట్టు తల ఊపాడట. ఈ కబురు నాయనమ్మ రెండు ముద్దల మధ్య మాకు చేరవేసింది.

అమ్మ ఒకటే అడిగింది. "అత్తా, మరి ఈసారి మనింటి ముందు ఆగుతారా?"

నాయనమ్మ ముద్ద మింగింది. "అడిగానే. నక్షత్రం ఉంటే ఆగుతారంట. పత్తి ఉంటే ఆగుతామని ఏ పుస్తకంలో ఉంది అన్నాడు."

అమ్మ తల దించుకుని మజ్జిగ పోసింది. అయినా మర్నాడు కజ్జికాయలకి పిండి తడిపింది.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం, పొద్దు ఇంకా ఉండగానే, పేట పేటంతా గుడిలో ఉంది. పేడతో అలుకుతున్నవాళ్ళు, తోరణాలు కడుతున్నవాళ్ళు, ఒకరి పని ఇంకొకరికి చెప్పేవాళ్ళు. అమ్మ మమ్మల్ని కూడా తీసుకెళ్ళింది. నాన్న ఇంటి వెనక తాడు పేనుతూ కూర్చున్నాడు. పెదనాన్న తన అరుగు మీద ఒక్కడే పాట నెమరేసుకుంటున్నాడు. కాలవ గట్టున మేసే గేదెలు ఆ వేళకి వాటంతట అవే ఇళ్ళకి వస్తాయి.

వచ్చాయి. పత్తి గింజలంటే గేదెలకి ప్రాణమని మా పేటలో పాలు తాగే పిల్లవాడికి కూడా తెలుసు. నానబెట్టి, రుబ్బి, కుడితిలో కలిపి పెట్టేది మేమే. ఆ గింజల్నే గంజి, తవుడు కలిపి, సరిగ్గా గేదె మూతికి అందే ఎత్తులో ప్రతి ఇంటికీ అంటించాం. అంత పెద్ద పేటలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. పొలంలో చూస్తే అది పత్తి, చూరు మీద చూస్తే మంచు. మంచుని గేదె తింటుందని ఎవరనుకుంటారు?

ఏదో పనికి ఇంటికెళ్ళిన పెద్దమ్మ అరుపు విని గుడిలోంచి అందరం పరిగెత్తుకొచ్చాం. సందు నిండా గేదెలు. ఇంటికొకటి చొప్పున చూరుల్లోకి తలలు దూర్చి, కళ్ళు అరమూసుకుని తింటున్నాయి. పత్తితోబాటు కప్పు గడ్డి కూడా ఊడి వస్తోంది. నీలం ఇంటి గేదె మూతి నీలంగా ఉంది. మిరపకాయల ఇంటి దగ్గర ఒకటి నాలుక బయటపెట్టి గంతులు వేస్తోంది. కర్రలు పట్టుకుని అదిలిస్తే ఒక ఇల్లు వదిలి ఇంకో ఇంటికి పోతున్నాయి.

మా గేదె మా ఇంటి మంచు ముగించుకుని, దడి తొక్కేసి, పెదనాన్న చూరుని పట్టుకుంది. పెదనాన్న రెండు చేతులా దాని తోక పట్టుకుని లాగుతున్నాడు. పంచె ఊడటానికి సిద్ధంగా ఉంది. అది ఒక్కొక్క మూర చూరు లాగి నములుతోంది. పడిపోయిన దడి ఇవతల మా నాన్న నిలబడి చూస్తున్నాడు. ఏడాదిగా లేని మాటని ఎట్లా ఎత్తుకోవాలో తెలియనట్టు నోరు తెరిచి ఉంది.

"అన్నా, తోక వదులు, తన్నిద్ది" అన్నాడు చివరికి.

"ఒరేయ్, వదిలితే ఇల్లు తినిద్దిరా" అన్నాడు పెదనాన్న.

నాన్న వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయాడు. మళ్ళీ అలిగాడనుకున్నాం. తపేలాతో బయటికి వచ్చాడు. వాకిట్లో గొంతుక్కూర్చుని, బోర్లించి, వాయించడం మొదలుపెట్టాడు.

మా గేదె నమలడం ఆపింది. చెవులు లేచాయి. తోకకి వేలాడుతున్న పెదనాన్నతో సహా మా వాకిలి వైపు తిరిగింది. అది కదలగానే పక్కిళ్ళ గేదెలు కూడా ఏదో ఉందనుకుని దాని వెనక కట్టాయి. ఎవరి గేదెని వాళ్ళు తాళ్ళేసి పట్టుకున్నారు. పెదనాన్న మా వాకిట్లోకి వచ్చి పడ్డాడు. ఏడాది తర్వాత మా గడప తొక్కడం, అదీ గేదె తోక పట్టుకుని. నాన్న చేతులు ఇంకా ఆగలేదు. పెదనాన్న పంచె బిగించుకుంటూ ఆ దరువుని విన్నాడు. ఏ పాటదో ఆయనకి తెలియక కాదు.

"మా బావమరిదికి ఇన్నాళ్ళయినా ఆ దరువు పట్టుబళ్ళేదు" అన్నాడు ఎటో చూస్తూ. "కాస్త నిదానంగా వాయిస్తే నీ సొమ్మేం పోయిద్దిరా?"

"నువ్వు కాస్త బిరబిరా పాడితే నీ సొమ్మేం పోయిద్ది?" అన్నాడు నాన్న.

నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది, కళ్ళ నిండా నీళ్ళతో. పెదనాన్న అక్కడే గోలెం అంచు మీద కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి ఊడిపోయిన చూరులు చూస్తూ, ఏ ఇంటికి ఎన్ని మోపుల గడ్డి కావాలో మాట్లాడుకున్నారు. పొద్దుగూకేసరికి డోలక్ మా ఇంటికి వచ్చింది.

ఆ రాత్రి జట్టుతో నాన్న వెళ్ళాడు. తిరిగి తిరిగి మా సందులోకి వచ్చేసరికి తెల్లవారుతోంది. అసలైన మా ఊరి మంచు, గడ్డి మీద తడి, దిగి ఉంది. మా ఇంటి మీద పత్తీ లేదు, నక్షత్రమూ లేదు, మూడొంతుల చూరూ లేదు. అమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, కజ్జికాయల పళ్ళెంతో గడపలో నిలబడింది. మేం ఆమె వెనక.

జట్టు మా వాకిలి ముందుకి వచ్చింది. పెదనాన్న చెయ్యెత్తి అందరినీ ఆపాడు. కప్పు వైపు చూశాడు, అటు ఇటు చూశాడు, గంభీరంగా నాన్న వైపు తిరిగాడు.

"నక్షత్రం లేదు గదరా. ఆగొచ్చంటావా?"

నాన్న నవ్వు ఆపుకుంటూ డోలక్ వైపు చూస్తున్నాడు. జవాబు అమ్మ చెప్పింది. బావగారి ఎదుట గొంతెత్తి మాట్లాడని మా అమ్మ.

"ఆగండి బావగారూ. ఆగకపోతే గేదెని మళ్ళీ విప్పుతాను."

తాళాలు పట్టుకున్నవాళ్ళు తాళాలు కింద పెట్టి నవ్వారు. పెట్రోమాక్స్ పట్టుకున్న మనిషి నవ్వుకి వెలుగు ఇల్లంతా ఊగింది. పెదనాన్న అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఆయన నవ్వు మాత్రం నిదానం కాదు. తర్వాత పాట ఎత్తుకున్నాడు. నాన్న డోలక్ ముందు పరిగెత్తబోయింది, ఆగింది. పెదనాన్న గొంతు కాస్త అడుగు పెంచింది. నడుమ ఎక్కడో ఇద్దరూ కలిశారు. అమ్మ పళ్ళెం పట్టుకుని అట్లాగే వింటూ నిలబడింది. పాట అయిపోయాక కూడా నిలబడే ఉంది. "పెట్టవే, చేతులు చాచుకున్నారు" అని నాయనమ్మ మోచేత్తో పొడిస్తేగానీ కదల్లేదు. వరసగా అందరికీ పెడుతూ నాన్న దగ్గరకొచ్చి, "మీరెవరింటి వాళ్ళండీ?" అని అడిగి, రెండు పెట్టింది.

నేనెన్నో క్రిస్మస్‌లు చూశాను. ఆ ఉదయం ఉన్నంత సంతోషంగా మా అమ్మని మళ్ళీ చూడలేదు. ఆ పేటలో పూరిళ్ళు లేవిప్పుడు, అన్నీ డాబాలే. గేదెకి అందే చూరు లేదు. గేదెలూ లేవు. ఆ పాట అందరి ఫోన్లలో ఉంది, నిదానంగా కావాలంటే నిదానంగా, జోరుగా కావాలంటే జోరుగా.

మా గేదె చాలా ఏళ్ళు బతికింది. ముసలిదై, పాలు వట్టిపోయి, ఊరికే మేత తింటుంటే, ఎవరికైనా తోలేద్దామని నాన్న రెండుమూడుసార్లు అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "మన వాకిట్లోకి మీ అన్నని పట్టుకొచ్చింది అది. దాని మేత నేను కోసుకొస్తాను" అనేది. అది పోయేదాకా రోజూ ఒక మోపు నెత్తిన పెట్టుకుని తెచ్చి వేసింది.